రెండు రోజుల్లో ప్రాగ్: కొండ ఎక్కకుండా, దిగుతూ చూసే పద్ధతి

చెక్ దేశ రాజధాని ప్రాగ్ నగరం వ్లతావా నదికి అటూ ఇటూ ఉంది. తూర్పు ఒడ్డున పల్లంలో పాత నగరం, పడమటి ఒడ్డున కొండ మీద కోట, రెంటినీ కలుపుతూ చార్లెస్ వంతెన. చూడాల్సినవాటిలో ముప్పాతిక వంతు ఈ మూడింటి చుట్టూనే ఉంటాయి కాబట్టి రెండు రోజులు చాలు. అలా చాలకపోతే కారణం దూరం కాదు, వరస తప్పడం. మిట్టమధ్యాహ్నం వంతెన దాటి, మెట్లెక్కి, ఆయాసపడుతూ కోట చేరి, అక్కడి క్యూలో గంట నిలబడితే ఆ రోజు అక్కడితో సరి. అందుకే ఈ మార్గదర్శిలో రెండు పనులే గట్టిగా చెబుతున్నాం: వంతెన తెల్లవారుజామున దాటండి, కొండ మీదికి ట్రామ్‌లో వెళ్లి కిందికి నడుచుకుంటూ రండి.

బయలుదేరే ముందు

ముందు వారం చూసుకోండి. శనివారం యూదుల పేట యోసెఫోవ్‌లోని సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), మ్యూజియం మూసేస్తారు. యూదుల పండుగ రోజుల్లోనూ అంతే. ఆదివారం ఉదయం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి సెయింట్ వైటస్ కెథెడ్రల్‌లోకి సందర్శకులను మధ్యాహ్నం నుంచే అనుమతిస్తారు. వీలైతే సోమవారానికీ శుక్రవారానికీ మధ్య రెండు రోజులు ఎంచుకోండి. శని, ఆదివారాలే దొరికితే కోట శనివారం, యోసెఫోవ్ ఆదివారం పెట్టుకోండి.

తరవాత పగటి నిడివి. ప్రాగ్ 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జూన్‌లో ఐదింటికల్లా తెల్లవారుతుంది, రాత్రి తొమ్మిది దాటాకే పొద్దు గుంకుతుంది. డిసెంబరులో ఎనిమిదింటికి వెలుతురు వచ్చి, నాలుగింటికే చీకటి పడుతుంది. చలికాలంలో వెళ్లేవారు బయట తిరిగే పనులన్నీ మూడున్నరలోపు ముగించుకుని, లోపల చూసేవి సాయంత్రానికి ఉంచుకోవాలి.

చెక్ దేశానికి షెంగెన్ వీసా, అంటే యూరపులోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా, సరిపోతుంది. యాత్రలో రెండు మూడు దేశాలుంటే ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవి సెలవుల్లో ఆ 15 రోజుల మీద భరోసా పెట్టుకోవద్దు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తరవాత ఇంకో మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. హైదరాబాదు నుంచి ఎలాగూ మధ్యలో విమానం మారాలి. ఆ మారే ఊరు జర్మనీ లాంటి షెంగెన్ దేశంలోదైతే ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది. రెండు విమానాల మధ్య గంటే వ్యవధి ఉన్న టికెట్ కొంటే ఆ వరసలోనే రెండో విమానం పోతుంది.

చెప్పుల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ అక్కడ అదే పెద్దది. పాత నగరమంతా చిన్న చిన్న రాళ్లు పరిచిన దారులు. వాన పడితే జారుతాయి, పల్చటి అట్ట ఉన్న చెప్పులైతే సాయంత్రానికి అరికాళ్లు మండుతాయి. మందపాటి, మెత్తటి అట్ట ఉన్న బూట్లు, అవీ ఇంటి దగ్గర పది రోజులు వాడినవి వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే కొండ దిగే పద్ధతి ఇంకా అవసరం. ఆఖరి మెట్లు మాత్రం వారికి కష్టమే. దానికి మరో దారి కోట దగ్గర చెబుతాం.

డబ్బు, టికెట్లు

చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా అక్కడ నడిచేది కొరునా. యూరోలు తీసుకునే దుకాణాలు ఉంటాయి, మారకం రేటు మాత్రం వాళ్లు చెప్పిందే. దాదాపు అంతటా కార్డు నడుస్తుంది కాబట్టి కొద్దిపాటి నగదు చాలు. ఏటీఎంలో గానీ, దుకాణంలోని యంత్రంలో గానీ 'మీ రూపాయల్లో లెక్కకట్టమంటారా' అని అడిగితే వద్దని నొక్కి, కొరునాల్లోనే తీసుకోండి. రూపాయల్లో అన్నామంటే ఆ యంత్రం పెట్టుకున్న రేటు పడుతుంది, అది మీ బ్యాంకు రేటు కంటే బాగా ఎక్కువ.

నోట్లు మార్చుకునే చోట 'కమిషన్ సున్నా' అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లొద్దు. కమిషన్ లేకపోయినా రేటులోనే లాగేస్తారు. నోటు ఇవ్వకముందే 'వంద యూరోలకు చేతికెన్ని కొరునాలు' అని అడిగి అంకె రాయించుకోండి. 2019 నుంచి అక్కడ ఒక మంచి చట్టం ఉంది: వెయ్యి యూరోలలోపు మార్పిడి నచ్చకపోతే మూడు గంటల్లోపు రసీదుతో వెళ్లి రద్దు చేసుకోవచ్చు. రసీదు పారేయకండి. వీధిలో పక్కకు పిలిచి మంచి రేటిస్తామనేవారి దగ్గర మాత్రం మార్చుకోనే వద్దు. చేతిలో పెట్టేది ఇంకో దేశపు చవక నోటు కావచ్చు.

మెట్రో, ట్రామ్, బస్సు మూడింటికీ ఒకే టికెట్. 30 నిమిషాలు, 90 నిమిషాలు, 24 గంటలు, 72 గంటలు అని దొరుకుతాయి. మధ్యాహ్నం దిగి, రెండు రాత్రులుండి, మూడో రోజు వెళ్లేవారికి 72 గంటల టికెట్ ఒక్కటే విమానాశ్రయం రానూ పోనూ సహా అన్నింటికీ సరిపోతుంది. కాగితం టికెట్‌ను మొదటి ప్రయాణంలో పసుపు యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. ప్రాగ్ మెట్రోలో గేట్లు ఉండవు, నేరుగా ప్లాట్‌ఫామ్ మీదికి నడిచిపోవచ్చు, అందుకే కొత్తవాళ్లు ముద్ర మరిచిపోతారు. ముద్ర లేని టికెట్ టికెట్ లేనట్టే లెక్క. మామూలు దుస్తుల్లో ఉన్న తనిఖీ అధికారి కూడా జరిమానా వేస్తారు. అలాగని ప్రతిసారీ ముద్ర వేయించకూడదు, మొదటిసారి ఒక్కసారే. ఫోన్ యాప్‌లో కొంటే, టికెట్ అమల్లోకి వచ్చినట్టు తెర మీద కనిపించాకే బండి ఎక్కాలి.

విమానాశ్రయం నుంచి 59వ నంబరు ట్రాలీబస్సు ఎక్కి, నాద్రాజీ వెలెస్లవీన్ దగ్గర దిగి, ఆకుపచ్చ రంగు మెట్రో 'ఏ' లైను పట్టుకుంటే పాత నగరానికి స్టారోమ్యెస్ట్‌స్కా స్టేషన్. మొత్తం ముప్పావు గంట వేసుకోండి.

రోడ్డు దాటేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. జీబ్రా గీతల దగ్గర కార్లు ఆగుతాయి, ట్రామ్ ఆగదు. చట్టప్రకారం పాదచారి కంటే ట్రామ్‌కే ముందు హక్కు. పిల్లల చెయ్యి పట్టుకునే దాటండి.

మొదటి రోజు మధ్యాహ్నం: పాత నగరం, గడియారం

పౌడర్ టవర్ దగ్గర మొదలుపెట్టి త్సెలెట్నా వీధి గుండా పాత నగర కూడలికి నడవండి. పూర్వం బొహీమియా (నేటి చెక్ దేశపు పడమటి భాగం) రాజులు పట్టాభిషేకానికి ఊరేగింపుగా వెళ్లిన దారి ఇది. కూడలిలో జంట శిఖరాలతో కనిపించేది టీన్ చర్చి. ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ 1601లో ప్రాగ్‌లోనే కన్నుమూశాడు, సమాధి ఈ చర్చిలో ఉంది. పాత టౌన్‌హాల్ గోడ పక్కన నేల మీద 27 తెల్ల శిలువ గుర్తులు చూడండి. 1621లో చక్రవర్తి మీద తిరగబడ్డ 27 మందిని అక్కడే చంపారు. రోజూ వేల మంది ఆ గుర్తులు తొక్కుకుంటూ పోతారు, కిందికి చూసేవారు తక్కువ.

ఇక గడియారం. 1410 నాటి ఈ ఖగోళ గడియారాన్ని చూసేందుకు జనం ప్రతి గంటకూ గుమిగూడతారు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంట గంటకూ ఆట ఉంటుంది: అస్థిపంజరం తాడు లాగుతుంది, పైన రెండు కిటికీల్లో పన్నెండుమంది అపొస్తలులు కనిపించి వెళ్తారు, చివర బంగారు కోడి కూస్తుంది. మొత్తం ఒక నిమిషం. ముందు వరసలో నిలబడితే మెడ నొప్పి, పైగా అందరూ తలలెత్తి ఉన్న ఆ నిమిషమే జేబుదొంగలకు పని. పది పదిహేను అడుగులు వెనక్కి, బ్యాగు ముందుకు వేసుకుని నిలబడండి.

ఆట అయిపోగానే జనం చెదిరిపోతారు. అసలు చూడాల్సింది అప్పుడే, పై పలక. పంచాంగం చూసే అలవాటున్న తెలుగువారికి ఇది చదవడం యూరపువారి కంటే తేలిక. ఇలా చదవండి:

1. బంగారు చెయ్యి ఉన్న ముల్లును పట్టుకోండి. అది రోమన్ అంకెల మీద చూపేది 24 గంటల లెక్కలో సమయం. పై పన్నెండు మధ్యాహ్నం, కింది పన్నెండు అర్ధరాత్రి.

2. అదే చెయ్యి అన్నిటికన్నా బయటి నల్ల వలయం మీద, పాతకాలపు బంగారు అంకెల్లో 1 నుంచి 24 వరకు ఒకటి చూపుతుంది. ఇది పాత చెక్ గంట. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వారికి సూర్యాస్తమయంతో మొదలు. చెయ్యి 20 దగ్గర ఉంటే పొద్దు గుంకడానికి ఇంకా నాలుగు గంటలు ఉన్నట్టు. ఏడాది పొడవునా అస్తమయం మారుతుంది కాబట్టి ఈ వలయం కూడా ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. టవర్ ఎక్కి సూర్యాస్తమయం చూడాలనుకుంటే ఎంతసేపు ఆగాలో ఇదే చెబుతుంది.

3. ముల్లు మీద జారే బంగారు సూర్యబింబం ఏ రంగు మీద ఉందో చూడండి. నీలం పగలు, నారింజ సంధ్య, నలుపు రాత్రి.

4. నీలం భాగంలో వంకరగా సాగే బంగారు గీతలు పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి. వేసవిలో ఒక్కో భాగం పెద్దది, చలికాలంలో చిన్నది. మనం రాహుకాలం లెక్కకు ఉదయాస్తమయాల మధ్య కాలాన్ని ఎనిమిది భాగాలు చేస్తాం కదా, సూత్రం అదే, ఇక్కడ భాగాలు పన్నెండు.

5. కేంద్రానికి ఒక పక్కగా తిరిగే చిన్న వలయం రాశిచక్రం. సూర్యబింబం ఏ రాశి మీద ఉందో అదే ఆ నాటి సూర్యరాశి. ఇక్కడొక తికమక ఉంది. ఈ గడియారంలో సూర్యుడు మకరంలోకి వెళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో, మన మకర సంక్రాంతి జనవరి 14, 15లో. తప్పు ఎవరిదీ కాదు. వారిది విషువత్తు నుంచి రాశులను కొలిచే సాయన లెక్క, మన పంచాంగానిది నక్షత్రాలను బట్టి కొలిచే నిరయన లెక్క. మధ్యలో ఉన్న సుమారు 24 డిగ్రీల తేడాయే అయనాంశ.

6. సగం నలుపు, సగం వెండి రంగు గోళం చంద్రుడు. తిరుగుతూ శుక్ల, కృష్ణ పక్షాలు చూపుతుంది.

కింది పలక క్యాలెండరు. దాని మీది పన్నెండు నెలల బొమ్మలను చిత్రకారుడు యోసెఫ్ మానెస్ 1866లో గీశాడు, గోడ మీద ఉన్నది నకలు. ఇలాంటిది మరెక్కడా చేయకుండా గడియారం చేసినవాడి కళ్లు పొడిపించారన్న కథ అక్కడ అందరూ చెబుతారు. నిజం కాదు. ఆ కథలో చెప్పే హనుష్ గడియారానికి మొదటి నిర్మాత కానే కాడు, తొలి పనితనం కదాన్ ఊరి మికులాష్‌ది.

టౌన్‌హాల్ టవర్‌కు లిఫ్టు ఉంది. సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందు పైకి వెళ్తే ఎర్ర పెంకుల కప్పులు వెలుతురులోనూ, దీపాల్లోనూ రెండుసార్లు కనిపిస్తాయి. ఆ వేళ టికెట్‌ను ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది.

రెండో రోజు: వంతెన, కొండ, కోట

సూర్యోదయ సమయానికి పాత నగరం వైపు వంతెన టవర్ కింద ఉండండి. వేసవిలో ఐదింటికి లేవలేమంటే ఏడులోపైనా రండి. ఎనిమిదిన్నర దాటితే గుంపులు మొదలవుతాయి. తెల్లవారుజామున రావడానికి ఇంకో కారణం వెలుతురు: సూర్యుడు మీ వెనక నుంచి వస్తూ ఎదురుగా కోట మీద పడతాడు. సాయంత్రమైతే కోట వెనకే పొద్దు గుంకుతుంది, ఫొటోలో కోట నల్లటి నీడలా వస్తుంది.

నాలుగో చార్లెస్ చక్రవర్తి ఈ వంతెనకు పునాది రాయి వేసింది 1357 జులై 9 ఉదయం 5 గంటల 31 నిమిషాలకని చెప్పుకుంటారు. సంవత్సరం, రోజు, నెల, గంట, నిమిషం వరసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. ముహూర్తం మీద నమ్మకం మన ఒక్కరి సొత్తు కాదు. వంతెన పొడవు 516 మీటర్లు, మీద 30 విగ్రహాలు. వీటిలో చాలావరకు నకళ్లు, అసలువి వానకూ పొగకూ పాడవకుండా మ్యూజియంలో దాచారు. పాత నగరం వైపు నుంచి వెళ్తే కుడివైపు ఎనిమిదోది క్రైస్తవ సాధువు నెపొముక్ యోహాను విగ్రహం. 1683లో పెట్టిన ఇదే అన్నిటికన్నా పాతది. 1393లో రాజాజ్ఞతో ఆయనను ఈ నదిలోకే తోశారు. పీఠం మీది కంచు పలకలు జనం చేతులు తగిలి తగిలి మెరుస్తుంటాయి.

వంతెన దిగి, నేరుగా మోస్టెత్స్కా వీధిలో నాలుగు నిమిషాలు నడిస్తే మలోస్ట్రాన్‌స్కే నామ్యెస్టీ కూడలి. అక్కడ బీలా హోరా వైపు వెళ్లే 22వ నంబరు ట్రామ్ ఎక్కండి. ఎదురు దిక్కుది ఎక్కితే మళ్లీ నది దాటించేస్తుంది, అందుకే బోర్డు మీది ఊరి పేరు చూడండి. కోట పేరుతో ఉన్న స్టాపు ప్రాజ్‌స్కీ హ్రాద్‌లో దాదాపు అందరూ దిగిపోతారు. మీరు దిగొద్దు. ఇంకో రెండు స్టాపులు ఆగి పోహోర్జెలెత్స్ దగ్గర దిగండి. ఇక అక్కడి నుంచి అంతా పల్లమే. ఈ ట్రామ్‌లోనూ జేబుదొంగలు తిరుగుతారు, ఫోన్ వెనక జేబులో పెట్టుకోవద్దు.

దిగిన చోటికి దగ్గరలోనే స్ట్రాహొవ్ మఠం. మఠం పక్క నుంచి నగరమంతా కనిపిస్తుంది, టికెట్ లేదు. లొరెటా చర్చి మీదుగా దిగుతుంటే దానికి ఎదురుగా పొడవాటి చెర్నీన్ భవనం వస్తుంది, అది విదేశాంగ శాఖ. 1948 మార్చిలో మంత్రి యాన్ మసారిక్ దాని కిటికీ కిందే శవమై కనిపించాడు. ఇంకాస్త నడిస్తే కోట సింహద్వారం.

కోట ప్రాంగణాలు ఉదయం ఆరు నుంచి తెరిచే ఉంటాయి, వాటికి టికెట్ అక్కర్లేదు. లోపలి భవనాలు తెరిచేది తొమ్మిదింటికి. ద్వారం దగ్గర సంచుల తనిఖీ ఉంటుంది కాబట్టి చిన్న సంచితోనే రండి. ప్రధాన టికెట్‌లో కెథెడ్రల్, పాత రాజభవనం, సెయింట్ జార్జ్ బసిలికా, గోల్డెన్ లేన్ ఉంటాయి. ఒక్కోదానిలోకి ఒక్కసారే ప్రవేశం, టికెట్ మాత్రం రెండు రోజులు చెల్లుతుంది. అలసిపోతే మిగిలినవి మర్నాడు చూడవచ్చు.

తొమ్మిదింటికి అందరికన్నా ముందు కెథెడ్రల్‌లోకి వెళ్లండి. పది దాటితే బయట వరస పాములా సాగుతుంది. 1344లో మొదలుపెట్టిన ఈ గుడి పూర్తయింది 1929లో. అందుకే పడమటి సగం మధ్యయుగపు శైలి అయిన గోతిక్‌లా కనిపించినా కొత్తది, తూర్పు సగమే పాతది. లోపల ఎడమవైపు మూడో గదిలో అల్ఫోన్స్ ముఖా గీసిన రంగు అద్దాల కిటికీ, కుడివైపు ముందుకు వెళ్తే విలువైన రాళ్లు తాపిన సెయింట్ వెన్‌సెస్లాస్ ప్రార్థనా మందిరం. రెండోదాన్ని గుమ్మం నుంచే చూడాలి. పట్టాభిషేక కిరీటం దాచిన గదికి ఏడు తాళాలు, ఏడు తాళం చెవులు ఏడుగురి దగ్గర. బయటికి వచ్చాక దక్షిణం వైపు తిరిగి గోడ మీది తుది తీర్పు మొజాయిక్ చూడడం మరవొద్దు. దక్షిణపు టవర్‌కు 287 మెట్లు, లిఫ్టు లేదు, టికెట్ వేరు. నిన్న టౌన్‌హాల్ టవర్ ఎక్కినవారు దీన్ని వదిలేయవచ్చు.

పాత రాజభవనంలోని వ్లదిస్లావ్ హాలు 62 మీటర్ల పొడవు. లోపలే గుర్రాల మీద ఈటెల పోటీలు జరిగేవి, గుర్రాలు ఎక్కి రావడానికి కట్టిన వెడల్పాటి మెట్లు ఇంకా ఉన్నాయి. పక్క గది కిటికీలోంచే 1618 మే 23న చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరినీ, వారి కార్యదర్శినీ బయటికి విసిరేశారు. ముగ్గురూ బతికారు గానీ దాని వెంటే ముప్పై ఏళ్ల యుద్ధం వచ్చి మధ్య యూరపును కాల్చేసింది. కూడలిలో నిన్న చూసిన 27 శిలువల కథ మొదలైంది ఈ కిటికీ దగ్గరే. మధ్యాహ్నం పన్నెండుకు సింహద్వారం దగ్గర కాపలా మార్పు వాద్యాలతో జరుగుతుంది. దానికోసం మళ్లీ పైకి నడవాలి కాబట్టి పిల్లలు అడిగితేనే వెళ్లండి.

గోల్డెన్ లేన్ చిన్న చిన్న రంగుల ఇళ్ల సందు. 22వ నంబరు ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 17 ప్రాంతంలో రాసుకునేవాడు. పన్నెండు తరవాత అడుగు వేయడానికి చోటుండదు. సందు చివర తూర్పు ద్వారం దాటితే పాత కోట మెట్లు, దిగితే మలోస్ట్రాన్‌స్కా మెట్రో. మోకాళ్లు బాగాలేనివారు మెట్లవైపు రాకుండా వెనక్కి వచ్చి, ఉత్తర ద్వారం నుంచి ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపుకు నడిచి, 22 ట్రామ్‌లోనే మలోస్ట్రాన్‌స్కా చేరవచ్చు.

భోజనం

బీఫ్ తిననివారు 'హొవ్యెజీ' అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. పంది మాంసం 'వెప్ర్‌జొవే', కోడి 'కుర్జెత్సీ', మాంసం లేకుండా అనడానికి 'బెజ్ మసా'. చెక్ వంటకాల్లో పేరున్న స్విచ్‌కోవా బీఫే. శాకాహారులకు ఏ హోటల్లోనైనా దొరికేది స్మజెనీ సీర్, అంటే పొడి అద్ది వేయించిన చీజ్ ముక్క. ఆ పొడి అంటుకోవడానికి గుడ్డు వాడతారు. బంగాళదుంప అట్టు బ్రాంబొరాక్‌లోనూ గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల పంది మాంసం ముక్కలు కూడా వేస్తారు. కూరగాయల సూపు అన్నా మాంసం రసంతో కాచి ఉండవచ్చు, అడిగి తినండి. గుడ్డు కూడా ముట్టనివారు భారతీయ హోటళ్లనో, వీగన్ హోటళ్లనో నమ్ముకోవడమే మేలు. ప్రాగ్‌లో రెండూ తగినన్ని ఉన్నాయి.

కూడలిలోని బండ్ల దగ్గర రాసి ఉండే ధర ముక్కకు కాదు, చాలాసార్లు 100 గ్రాములకు. తూచకముందే ఎంత కావాలో చెప్పకపోతే పెద్ద ముక్క కోసి చేతిలో పెడతారు. హోటల్లో మంచినీళ్లు ఊరికే రావు, సీసాకు డబ్బు పడుతుంది. కుళాయి నీళ్లు తాగడానికి మంచివే, ఒక సీసా వెంట ఉంచుకోండి.

రెండో రోజు మధ్యాహ్నం: యోసెఫోవ్

మలోస్ట్రాన్‌స్కా నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, స్టారోమ్యెస్ట్‌స్కా. అక్కడి నుంచి ఐదు నిమిషాల నడక. చలికాలంలో నాలుగున్నరకే మూసేస్తారు కాబట్టి రెండింటికల్లా చేరండి. ముందు పింకాస్ సినగాగు. నాజీల చేతిలో చనిపోయిన బొహీమియా, మొరావియా యూదుల పేర్లు, సుమారు 78,000, గోడల నిండా చేత్తో రాసి ఉంటాయి. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలోని పిల్లలు వేసిన బొమ్మలు. అక్కడ గొంతు తగ్గించండి, ఫొటోకు నవ్వుతూ నిలబడకండి. దాని వెనకే పాత స్మశానం. చోటు చాలక మట్టి మీద మట్టి పోసి పొరలు పొరలుగా పాతిపెట్టారు, అందుకే రాళ్లు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. మగవారు తల కప్పుకోవాలి, టోపీ లేకపోతే అక్కడే ఇస్తారు. సుమారు 1270 నాటి ఓల్డ్ న్యూ సినగాగుకు టికెట్ వేరుగా గానీ కలిపి గానీ దొరుకుతుంది, కొనేముందు ఏది కావాలో చెప్పండి.

మూడో రోజు మీ విమానం మధ్యాహ్నం తరవాతైతే ఉదయం ఎర్ర రంగు మెట్రో 'సీ' లైనులో విషెహ్రాద్ వెళ్లండి. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. కోటగోడల మీద నుంచి నది మలుపు కనిపిస్తుంది, జనం తక్కువ. అక్కడి శ్మశానంలో సంగీతకారులు ద్వోర్జాక్, స్మెతనా, నిన్న కెథెడ్రల్‌లో కిటికీ చూసిన ముఖా సమాధులు ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు విమానం వేళకు మూడున్నర గంటల ముందు హోటల్ నుంచి బయటపడండి, మిగిలిన కొరునా నాణేలు దారిలో రొట్టెల దుకాణంలో ఖర్చు చేయండి. నోట్లు మార్చుకోవచ్చు గానీ నాణేలను ఇంటి దగ్గర ఎవరూ తీసుకోరు.